అందరికన్నా వెనకవాడు

అమ్మాయి మాణిక్యానికి అమ్మ దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. ఫోన్లో చెబితే నీ కూతురు వింటుందని కార్డు రాస్తున్నాను.

మనోజ్ఞ ప్రతి ఆదివారం తెల్లారకుండానే సైకిల్ క్లబ్బు వాళ్ళతో పోతోంది. అందరూ మా వీధి చివరే కలుస్తారు. మేడ మీంచి చూస్తే పసుప్పచ్చ కోటు వేసుకున్న ఒకడు ఎప్పుడూ దీని వెనకే. ఇది నెమ్మదిగా తొక్కితే వాడూ నెమ్మదే, ఇది ఆగితే వాడూ ఆగుతాడు. మొన్న ఆదివారం నేనే కిందికి దిగి నిలదీశాను.

"ఏమయ్యా, ముందు అంత రోడ్డుండగా మా పిల్ల వెనకే ఎందుకు పడ్డావు?" అన్నాను. మనోజ్ఞ తల దించుకుంది.

"వెనకబడినవాళ్ళని వదలకుండా రావడమే నా డ్యూటీ మామ్మగారూ. లారీవాడికి ముందు నా లైటే కనబడాలి. మీ మనవరాలే ప్రతివారం లాస్టండీ," అని నవ్వాడు. పేరు ఉదయభాస్కరట.

"మరి నీ వెనక ఎవరుంటారు?" అన్నాను. వాడు వంగి సైకిలు వెనక లైటు సరిచూసుకున్నాడు. మాట మరీ తియ్యగా ఉంది, నాకింకా అనుమానమే. పెళ్ళయిందా అని అడిగేలోపే మనోజ్ఞ నన్ను ఇంట్లోకి లాక్కొచ్చింది.

మినుములు ఎండబెట్టావా? పురుగు పడుతుంది. అల్లుడుగారి దగ్గు తగ్గిందా?

వచ్చే ఆదివారం వీళ్ళు కంకిపాడు మీదుగా ఉయ్యూరు, మీ ఇంటి ముందు నుంచే వస్తారట. గేటు దగ్గర నిలబడి వాడి చూపు ఎటుందో కనిపెట్టు. మనోజ్ఞ దాటగానే లోపలికి పోకు. వాడు కూడా క్షేమంగా దాటాక, వాడి వెనక లారీ ఏదీ లేదని చూసుకుని, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ అమ్మ