నిశ్శబ్దానికి రెండు స్టార్లు

జూన్ 17, సోమవారం

ట్రైనింగ్‌లో రోజంతా ఎలుక కథే. మీట నొక్కితే గింజ పడుతుంది, గింజ కోసం మళ్లీ నొక్కుతుంది. పిల్లలూ అంతేనట. మంచి పనికి వెంటనే స్టార్, అల్లరికి స్టార్ కట్. బిహేవియరిజం అంటే ఇంతేనా అని అడిగాను. ఇంతే చాలని ట్రైనర్ నవ్వాడు. మా బడి పెద్దమేడం నవ్వలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ప్రశ్నలు తగ్గించుకుంటే మంచిదన్నారు. జూలై ఆఖరుకి నా పర్మనెంట్ ఆర్డర్ మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే మరి.

జూన్ 24

మా మూడో తరగతి గోడకి చార్టు అంటించాను. నోరు మూసుకుని కూర్చుంటే పీరియడ్‌కి రెండు స్టార్లు. చెయ్యెత్తకుండా మాట్లాడితే ఒకటి కట్. కిటికీ పక్క పిల్లకి మొదటి గంటలోనే నాలుగు పోయాయి. దాన్ని నేను వాగుడుకాయ అంటాను. నీళ్లకి రంగెందుకు లేదు, సున్నాని ఎవరు కనిపెట్టారు, చీమలకి నిద్ర వస్తుందా. అన్నీ దానికే కావాలి.

జూలై 5

ఒప్పుకోవాలి, పనిచేస్తోంది. ఎక్కాలు గడగడా అప్పజెబుతున్నారు. క్లాసులో సూది పడినా వినబడుతుంది. చార్టులో వాగుడుకాయది రెండో స్థానం. దాని తాత టైలర్. గేటు దగ్గర ఆపి మరీ మెచ్చుకున్నాడు. ఇంట్లో కూడా నోరు మెదపడం లేదట, అంతా మీ చలవేనమ్మా అన్నాడు. పొంగిపోయాను. రేపు బుకాయించకుండా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

జూలై 11, సాయంత్రం 6

సైలెంట్ రీడింగ్ పీరియడ్. గాలికి తలుపు కొట్టుకుంటోందని విసురుగా వేశాను. అప్పుడే చేతులు కడుక్కుని లోపలికొస్తున్న వాగుడుకాయ వేళ్లు సందులో ఉన్నాయి. నేను చూసుకోలేదు. అది కిక్కురుమనలేదు. వేళ్లు లాక్కుని, వెళ్లి కూర్చుని, పుస్తకం తెరిచింది. పావుగంట అలాగే ఉంది. గంట కొట్టాక గౌను మీద రక్తం చూశాను. గోరు ఊడి వేలాడుతోంది. ఎందుకు చెప్పలేదే అని అరిచాను. ముందు చెయ్యెత్తింది, ఆ చెయ్యే. నేను తలూపాక అడిగింది, ఏడవలేదు కదా టీచర్, రెండు స్టార్లూ ఇస్తారా అని.

జూలై 12

చార్టు చింపేశాను.

జూలై 15

పెద్దమేడం సంజాయిషీ అడిగారు. తలుపు వేసింది నేను, చార్టు పెట్టింది నేను, చింపింది కూడా నేనే అని రాసిచ్చాను. పద్ధతిలో లోపం లేదట, లోపమంతా నా అజాగ్రత్తదేనట. అజాగ్రత్త నాదే. దానికి టైలర్ ఇంటికెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాను. కానీ చార్టు మళ్లీ అంటిస్తే ఆర్డర్ మీద ఇవాళే సంతకం చేస్తానని ఆవిడ పెన్ను మూత తీసి మరీ చూపించారు. నాకూ ఒక గింజన్నమాట! అంటించనన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదే తల్లీ అని అమ్మ తల పట్టుకుంది. నోరే లేని ఊరు చూసొచ్చాను, నాకొద్దన్నాను.

జూలై 19

వాగుడుకాయ నీళ్లు తాగడానికి కూడా కట్టు కట్టిన చెయ్యి ఎత్తుతోంది. అక్కర్లేదే, అడిగెయ్ అంటే ఖాళీ గోడ వంక చూస్తుంది. కాగితం చింపడం ఎంతసేపు? దాని లోపల అంటించింది కూడా నేనే ఊడదీయాలి. రోజులు చాలవేమో.

జూలై 26

ఆర్డర్ రాలేదు. ముప్పై ఒకటి వరకే రమ్మన్నారు. ఏడుపొచ్చింది. అయినా అంటించను.

జూలై 31

బల్ల మూల మోకాలికి తగిలి వాగుడుకాయ ఏడ్చింది. చెయ్యెత్తలేదు. బడి మొత్తం దద్దరిల్లింది. పెద్దమేడం పరుగున వచ్చి ఊరుకోబెట్టమన్నారు. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇంకా ఏడవమన్నాను.