కుడికాలి మీద లేచే అమ్మాయి

పద్మా,

నువ్వు భివండిలో కామెర్లతో పోయి నాలుగేళ్లు. చదవవని తెలిసీ రాస్తున్నాను.

పోయిన నెల మోకాలు పాడై రైల్వే టీంలో నా ఆట ముగిసింది. పన్నెండేళ్లు ఆడాను. ఇప్పుడు మన సిరిసిల్లలోనే ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ఇవాళ మౌనిక అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. భివండి మరమగ్గాల నుంచి తిరిగొచ్చిన వాళ్ల బిడ్డ. బంతితో ఉరికి, అందరిలా ఎడమకాలి మీద కాకుండా కుడికాలి మీద లేచి రింగులో వేసింది. అది నీ పద్ధతి. బడిలో మనకు ఆట నేర్పిన సార్ ఎంత తిట్టినా నువ్వు మార్చుకోలేదు. అట్లా లేచిన నిన్ను ఆపడం మాలో ఎవరికీ చేతకాలేదు.

"ఎవలు నేర్పిండ్రు?" అని అడిగాను.

"మా గల్లీల పద్మక్క, మేడం. సాంచాల కాడికెళ్లి అచ్చినంక గోడకు రింగు కొట్టి నేర్పేది. పోయేదాంక నేర్పింది."

నీకు జిల్లా టీంలో చోటొచ్చిన వారానికే ఇక్కడ మగ్గాలు ఆగిపోయి, మీవాళ్లు నిన్ను తీసుకుని భివండి పోయారు. నీ చోటు నాకిచ్చారు. అక్కడ నువ్వు బంతి ముట్టనే లేదనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ రింగు ఎక్కడ సంపాదించావు? రోజంతా సాంచాల దగ్గర, ఆ మరమగ్గాల ముందు నిలబడ్డ కాళ్లతో ఎలా ఎగిరావు?

"నా ముచ్చట ఎన్నడన్న చెప్పిందా?"

"రైల్వేల ఆడే దోస్తు ఉన్నదని చెప్పేది. గామెకు గీ షాటు రాదని నవ్వేది."

నిజమే, ఇప్పటికీ రాదు.

మౌనికను జిల్లా టీం సెలక్షన్‌కు పంపే కాగితంలో కోచ్ పేరు అడిగిన చోట నీ పేరు రాశాను.