నాలుగు రోజుల వార్తలు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసాగానే ఉన్నాము. మీరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటూ రాస్తున్నాను. ఎప్పుడూ చేతి అలవాటుగా రాసే ఈ వాక్యానికి ఈసారి చాలాసేపు పట్టింది. మీ ఓడ నుంచి కబురు ఆగిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మీ ఓడ కంపెనీ ఆఫీసుకు రోజూ ఫోను చేస్తున్నాను. గుమాస్తాగారిది రోజూ ఒకటే మాట, "తుఫానుకు రేడియో చెడిపోయి ఉంటుందమ్మా, కంగారు పడకండి" అని. ఆ కంగారు పడకండి అన్న మాట వింటేనే నాకు కంగారు మొదలవుతోంది. ఉత్తరం తీసుకుంటారా అని అడిగితే, "రాసివ్వండి, ఓడ ఆగాల్సిన తర్వాతి రేవుకు వెళ్లే ఉత్తరాల సంచీ ఇంకా కట్టలేదు" అన్నారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని కూర్చున్నాను.

మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. కేబులు వాళ్ల కొత్త బాక్సు, టీవీ రికార్డు చెయ్యడానికి మీరు కట్టిన కంప్యూటరుతో కలిసిందా అన్నారు. కలిసింది. బాక్సు లేకపోతే ఇక ఒక్క చానలూ రాదని వాళ్లు తేల్చేశాక, మీరు రాసినట్టే గోడలోంచి వచ్చే వైరును కంప్యూటరు నుంచి పీకి బాక్సుకు పెట్టాను. బాక్సు నుంచి వచ్చే మూడు రంగుల వైర్లూ కంప్యూటరు వెనకాల టీవీ బొమ్మను అందుకునే కార్డుకు పెట్టాను. పసుపు వైరును ఎర్ర రంధ్రంలో దూర్చి, బొమ్మ రాలేదని పూటంతా బాక్సును తిట్టిపోసింది కూడా నేనే.

కన్ను నిలిచిందా అని అడిగారు. మన బదులు కంప్యూటరే రిమోటు నొక్కడానికి మీరు పెట్టెలో దాచి వెళ్లిన ఆ చిన్న కన్ను, చొక్కా గుండీ అంత ఉంటుందే, దాన్ని బాక్సు ముందున్న నల్ల అద్దం మీద అంటించాను. రెండుసార్లు ఊడిపడింది. కరెంటు పనికి వాడే నల్ల టేపు నాలుగు చుట్లు వేశాను. బాక్సుకు పంటినొప్పి వచ్చి కట్టు కట్టినట్టుంది గానీ ఇప్పుడు కదలడం లేదు.

ఒక తిరకాసు మాత్రం మీరు రాయలేదు. కంప్యూటరేమో చానలు అంకెలు గబగబా నొక్కేస్తుంది, బాక్సేమో నింపాదిగా అందుకుంటుంది. మధ్య అంకె జారిపోతుంది. రెండువందల నలభై ఐదులో ఏడింటి వార్తలు రికార్డు చెయ్యమంటే ఇరవై ఐదులో కుస్తీ పోటీలు రికార్డు చేసి పెట్టింది. మీ అమ్మగారి సంగతి తెలుసుగా, సాయంత్రం నడక ముగించుకుని వచ్చి ఎనిమిదింటికి ఆ రికార్డే చూస్తారు. ఆ మసక చూపుతో అరగంటా చూసి, "ఈ మధ్య మంత్రులు బాగా ఒళ్లు చేశారమ్మాయ్" అన్నారు. ఆ కుస్తీలన్నీ తీసేశాను. అంకెకూ అంకెకూ మధ్య అర సెకను ఆగమని పెట్టాక దారికొచ్చింది. ఆ తర్వాత వరసగా నాలుగు రోజులు అసలు వార్తలు రికార్డయ్యాయి.

అత్తయ్య మాత్రలు వేళకు వేస్తున్నాను. గుండె ఎప్పటిలాగే ఉంది. ఉలిక్కిపడే మాట ఏదీ చెవిన పడనివ్వొద్దని డాక్టరుగారు మళ్లీ హెచ్చరించారు.

ఇప్పుడు మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నది చెబుతాను. కోప్పడకండి. ఆ నాలుగు రోజులూ అయ్యాక, ఐదో రోజు మధ్యాహ్నం టీవీలో అడుగున కదిలే అక్షరాల్లో మీ ఓడ పేరు కనబడింది. సంబంధాలు తెగిపోయాయి అని ఉంది. అత్తయ్య లోపలి గదిలో పడుకుని ఉన్నారు. టీవీ ఆపేసి, గొంతు తగ్గించి ఆఫీసుకు ఫోను చేసి, ముఖం కడుక్కుని వంటింట్లోకి పోయాను. ఎనిమిదింటికి ఆవిడ కుర్చీలో కూర్చుని "పెట్టమ్మాయ్" అన్నారు. ఆ రోజు వార్తలు పెట్టలేకపోయాను. ముందు రోజువి పెట్టాను.

అప్పట్నుంచీ ఆ నాలుగే తిప్పి తిప్పి పెడుతున్నాను. మూడో దాంట్లో భారీ వాన అని చెబుతారు. అది పెట్టినప్పుడల్లా అత్తయ్య "బట్టలు తీసెయ్యి" అంటారు, నేను వెళ్లి పొడి ఆకాశం కింద ఆరీ ఆరని బట్టలు లోపలికి తెస్తాను. ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. కంప్యూటరు రోజూ ఏడింటికి కొత్తవి రికార్డు చేస్తూనే ఉంది. తొమ్మిది రోజులవి వరసగా ఉన్నాయి. నేను ఒక్కటీ తెరవలేదు. ఆఫీసుకు తెలియనిది వాటిలో ఉంటుందేమోనని భయం. బొత్తాం దాకా వేలు పోతుంది, నొక్కలేను.

నిన్న ఎనిమిదింటికి రెండో దాన్ని పెట్టబోతుంటే అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆ రోజు మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదమ్మాయ్. నువ్వు ఫోన్లో మాట్లాడింది విన్నాను."

"మరి ఇన్ని రోజులూ..."

"నువ్వు అంత కష్టపడి పెడుతున్నావు. చూడకపోతే నాకు తెలుసని నీకు తెలిసిపోదూ."

వాన లేకుండానే బట్టలు తీయించింది నా కోసమన్నమాట. "అయితే ఇవాళ్టివి పెట్టమంటారా అత్తయ్యా" అన్నాను. ఆవిడ నా మణికట్టు వదల్లేదు.

"వద్దు. నాకూ భయమే. వాడి ఓడ ఊసు లేని ఆ పాతవే పెట్టు."

పెట్టాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, కంఠతా వచ్చేసిన ఆ వార్తలు చివరిదాకా చూశాము.

ఇవాళ పొద్దున తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. చోటు అయిపోవస్తోందట. ఇంకో మూడు రోజులు రికార్డు చేయగలదు, ఆపైన అన్నిటికన్నా పాతవి ఒక్కొక్కటే తనంతట తానే చెరిపేస్తుందట. పాతవంటే ఆ నాలుగే. అవి పోతే ఇంట్లో మిగిలేవి మేము తెరవలేనివి మాత్రమే. రికార్డు చెయ్యడం ఆపేద్దామంటే, మీరు దొరికారన్న కబురు ఆ రోజే వస్తే ఎలా అని ఆపలేకపోతున్నాను. చెరిపెయ్యకుండా ఎక్కడ ఏం మార్చాలో ఎంత వెతికినా తెలియలేదు. కట్టినవారు మీరు, మీకే తెలియాలి. పొడుగు ఉత్తరం అక్కర్లేదు. ఏ బొత్తాం నొక్కాలో ఒక్క ముక్క మీ చేత్తో రాసి పంపండి.

ఇట్లు,
జవాబు కోసం గుమ్మంలోనే ఉన్న
మీ ఇల్లాలు