కంకర దారికి సరిపడే గాలి

ఎగైలా, కువైట్
18 అక్టోబరు 2025, శనివారం

ఇవాళ చేసినవి: దోసెల పిండి రుబ్బడం. రెండు విడతల బట్టలు. కిటికీ గాడుల్లో దుమ్ము తీయడం. ఆదర్శ్ చొక్కాలు అయిదు ఇస్త్రీ. సబ్హాన్ వెళ్ళి రావడం. పాత పుస్తకం ఒకటి తీసి చూడడం. మిగిలినది: బాలుకు ఉత్తరం.

చిరంజీవి బాలుకు ప్రసూనక్క దీవెనలు. అమృతను అడిగానని చెప్పు. ఇక్కడ నేనూ మా అబ్బాయీ బాగానే ఉన్నాం. మీ క్షేమం తెలియజేయమని రాయడం మర్యాద. ఆ మాట అడిగే ముఖం నాకుందో లేదో తెలియక వదిలేస్తున్నాను.

ఫోను చేస్తే నువ్వు ఎత్తుతావని తెలుసు. నేనే మాట్లాడలేను. అందుకే కాగితం తీసుకున్నాను. ఎగైలా నుంచి మీరుండే ఫర్వానియాకి అరగంట దారి. ఆ అరగంట దాటడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మీ బావగారి సైకిలు ఇన్నాళ్ళూ మా బాల్కనీలోనే ఉంది. పైన దుప్పటి కప్పి ఉంచాను. పోయిన వారం ఆదర్శ్ అన్నాడు, “అమ్మా, నెలకోసారి ఆ దుప్పటి ఉతుకుతావు, మళ్ళీ దానికే కప్పుతావు. నాన్న సైకిలు దుమ్ము పట్టకూడదంటే ఎవరో ఒకరు తొక్కాలి కదా.” సరే, అమ్మేద్దామని ఇవాళ ఇద్దరం కారులో వేసుకుని సబ్హాన్‌లో నూర్ మహమ్మద్ షాపుకి తీసుకెళ్ళాం. మీ రెండు సైకిళ్ళూ కట్టించింది అక్కడే కదా.

అతను నన్ను గుర్తు పట్టేలోపే సైకిలును గుర్తు పట్టాడు. హ్యాండిలు మీద చెయ్యి వేసి, “పెద్దసారు బండి గదమ్మా ఇది. దీన్ని అమ్మద్దండి. దీనికి తగిన మనిషి ఒకాయన ఉండాడు. ఆయన కూడా వచ్చే బేస్తవారం ఖలాస్ చేసుకుని పోతాండాడు” అన్నాడు. ఎవరని అడిగాను. “ఇంకెవరమ్మా, బాలు సారు” అన్నాడు.

నువ్వు కువైట్ వదిలేస్తున్నావని నాకు అలా తెలిసింది. ఒకప్పుడు మీ ఇంట్లో చక్కెర అయిపోయినా ముందు తెలిసేది నాకే.

నూర్ మహమ్మద్ ఇంకా చెప్పాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన నెలలోనే నీ సైకిలు ఎవరికో ఇచ్చేశావట. మళ్ళీ ఎక్కలేదట. శుక్రవారం పొద్దున మాత్రం షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, టీ తాగి, ఇతరుల చక్రాలు సరిచేయడం చూసి వెళ్ళిపోతావట. “ఒక రౌండు ఎక్కండి సార్ అంటే, నాకు చేతకాదు నూర్ భాయ్ అంటాడమ్మా. చేతగాకపోవడమేంది? మా మెకానిక్కులకే నేర్పిన మనిషి” అన్నాడు.

నీకు చేతకాదని నీ నోట అనిపించింది నేను. ఆ సంగతి అతనికి తెలియదు.

మనం వెళ్ళిన ఆ ప్రయాణం మొదటి నుంచీ రాయాలని ఉంది బాలూ, ఒక్కసారి. నువ్వు మరిచిపోయావని కాదు. మంచి రోజులను కూడా చెడ్డ రోజుతో కలిపి మూట కట్టేశాను. వాటిని విడదీయాలి.

ఎడారి అంచున కంకర దారుల్లో మీరిద్దరూ పదేళ్ళు తొక్కారు. ఇసుకగాలి కొట్టిన రోజుల్లో ఆయన కనురెప్పలు కూడా పసుపు రంగులో ఉండేవి. “ఒక్కసారి చెట్ల నీడలో తొక్కాలి ప్రసూనా. కారు హారను వినపడకూడదు” అనేవారు. మూడు చలికాలాలు కూర్చుని ఫ్రాన్సులోని బర్గండీలో ఆరు రోజుల దారి గీశారు. పెద్ద రోడ్లన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, కాలువ గట్లు, పొలాల మధ్య మట్టిబాటలు, ద్రాక్షతోటల కంకర దారులు మాత్రం ఉంచారు. పని పంచుకున్నది నీ సలహా మీదే. దారి బావగారిది, సైకిళ్ళు నీవి, కారు అమృతది, తిండీ బట్టలూ లెక్కల పుస్తకమూ నావి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని నువ్వే నవ్వుతూ అన్నావు.

మొదటి రోజు కాలువ పక్కన మీకోసం నిలబడి ఉన్నాను. మీరు కనపడడానికి ముందే చప్పుడు వినపడింది. తెల్లటి కంకర మీద చక్రాలు దొర్లుతుంటే చాటలో బియ్యం చెరుగుతున్నట్టుంది. చుట్టూ మనుషులు లేరు. గట్టు అవతల తెల్లటి ఆవులు తలెత్తి చూసి మళ్ళీ గడ్డిలో పడ్డాయి. లాకుల దగ్గర, నీళ్ళకు తలుపులు వేసే చోట చిన్న ఇల్లు, దాని కిటికీలో ఎర్ర పూల కుండీలు. అంత నిశ్శబ్దంలో నా స్టీలు డబ్బాల మోత నాకే సిగ్గనిపించింది. నువ్వు పులిహోర చూసి, “అక్కా, ఈ డబ్బాలు సైకిలుకు కడితే బావగారు రేపటికి గానీ చేరరు” అన్నావు. ఆయన నా పుస్తకంలోకి తొంగి చూసి, “నన్ను ఎక్కడ రాశావు, ఖర్చుల్లోనా సామానులోనా?” అన్నారు. “సామానులోనే, జాగ్రత్తగా దింపవలసిన వాటిలో” అన్నాను. నలుగురం నవ్వాం.

మూడు రోజులు అలా నడిచాయి. సాయంత్రం పూట నువ్వు గెస్ట్‌హౌస్ కొట్టంలో కూర్చుని గొలుసులు తుడిచి, చక్రాల్లో గాలి చూసేవాడివి. అది అయ్యాకే అన్నానికి వచ్చేవాడివి.

నాలుగో రోజు కాలువ వదిలి కొండల వైపు తిరిగారు. ముందు ఎనిమిది కిలోమీటర్లు తారు రోడ్డు. ఊళ్ళో రొట్టెల దుకాణం దగ్గర ఆగి ఆయన ఫోను చేశారు. “ఇవాళ బండి తొక్కకుండానే పోతోంది. బాలు ఏం మంత్రం వేశాడో” అన్నారు. ఆయన గొంతు నేను విన్నది అదే ఆఖరు. ఆ తర్వాత ద్రాక్షతోట మధ్య నుంచి దిగే కంకర దారి. కారు అడ్డం రాలేదు, కుక్క రాలేదు, వాన లేదు. మలుపులో సైకిలు జారింది.

నేనూ అమృతా వచ్చేసరికి నీ కోటు ఆయన తల కింద ఉంది. అంబులెన్సు కోసం చూస్తుండగా నువ్వు ఆ పడిపోయిన సైకిలు దగ్గరికి వెళ్ళావు. ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కావు. వెనక చక్రాన్ని నొక్కావు. తల వంచుకుని అక్కడే కూర్చున్నావు. నేను చూశాను. తప్పు చేసినవాడు కూర్చునే తీరు అది అనుకున్నాను.

ఆయన నాలుగు రోజులు ఉన్నారు. రెండో రోజు ఆసుపత్రి వరండాలో నిన్ను అడిగాను, “గాలి చూసింది నువ్వే కదా బాలూ?” అని. “నేనే అక్కా” అన్నావు. “మరి ఎందుకు జారింది? జవాబు చెప్పు” అన్నాను. నువ్వు చెప్పలేదు. ఆయన పోయిన రోజు అమృత ముందే, “మీ బావను నువ్వే చంపావు” అన్నాను.

కువైట్ తిరిగొచ్చాం. పదకొండో రోజున నువ్వు మా తలుపు దాకా వచ్చావు. నేను లోపలే ఉండి తీయలేదు. లోపలి నుంచే ఆదర్శ్ చేత పొమ్మనిపించాను. అమృత పంపిన క్యారియరు మూత తీయకుండా తిప్పి పంపాను. తర్వాత నెలకు మీరు మా పక్క ఫ్లాటు ఖాళీ చేసి ఫర్వానియా వెళ్ళిపోయారు. ఆ రోజు సామాను దింపుతున్న చప్పుడు వింటూ నేను వంటింట్లో పప్పు కడుగుతున్నాను. ఎన్నిసార్లు కడిగానో తెలియదు.

నా పుస్తకం సంగతి నీకు తెలుసు. ప్రతి నెలాఖరునా తేలని లెక్కలు కింద రాసి, తర్వాతి నెలకు తీసుకెళ్తాను. ఇరవై అయిదు నెలలుగా ఆఖరి వరస ఒకటే: బాలు, ఒక జవాబు బాకీ.

సైకిలు అమ్మలేదు. నూర్ మహమ్మద్ గొలుసుకు నూనె వేసి, చక్రాల్లో గాలి కొట్టి సిద్ధం చేశాడు. మళ్ళీ ఇంటికే తెచ్చాం; రేపు అతనే వచ్చి, ఈ ఉత్తరంతో పాటు నీ దగ్గరికి తెస్తాడు. మీ ఊరు విజయవాడ తీసుకెళ్ళు. హ్యాండిలు సంచిలో ఆయన గీసిన దారి కాగితం ఉంది. ఆరు రోజుల్లో రెండు రోజులు, ఆ నాలుగో రోజు మిగిలిన సగం, ఎవరూ తొక్కలేదు. ఎప్పుడు వెళ్తావో, అసలు వెళ్తావో లేదో నేను అడగను. ముందు ఒక్కసారి ఎక్కు. మీ వీధి చివరి దాకా చాలు.

నేనన్న మాట దుఃఖంలో అన్నది. పెద్దదాన్ని, మన్నించమని అడగడం రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
మీ అక్క
జ్ఞానప్రసూన

తా.క.: కవరు అంటించి, బీరువా మీద పెట్టి, ఆదర్శ్‌కు కాఫీ ఇచ్చి వచ్చి మళ్ళీ చింపాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ అది సగమే. దుఃఖంలో అన్నానని రాసి తప్పించుకోబోయాను.

షాపులో నూర్ మహమ్మద్ గాలి కొట్టబోతుంటే నేనే వంగి టైరు పక్కన అచ్చయిన అంకె చదివాను. “నాలుగున్నర బార్లు అని ఉంది, సరిగ్గా అంతా కొట్టు” అన్నాను. అతను నవ్వాడు. “అది టైరు ఎంత ఓర్చుకుంటాదో చెప్పే నంబరమ్మా. మనిషి పోయేదానికి కాదు. కంకర మీదికి సగం కూడా వద్దు. అంత కొడితే తారు మీద బాణం మాదిరి పోతాది. రాళ్ళ మీదికి వస్తే సబ్బు మీద కాలు పెట్టినట్టే. బాలు సారు రెండు దాటనిచ్చేవాడు కాదు” అన్నాడు.

నువ్వు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. ఆదర్శ్ మంచినీళ్ళు తెచ్చాడు.

ఇంటికొచ్చి, ఇన్నాళ్ళూ విప్పని ఫ్రాన్సు పుస్తకం తీశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“14 సెప్టెంబరు 2023, గురువారం. పెరుగన్నం కలిపి డబ్బాల్లో పెట్టడం. ఆరని మేజోళ్ళు హీటరు మీద. నీళ్ళ సీసాలు నాలుగు. ఆయన సైకిలు రెండు చక్రాలూ మెత్తగా ఉన్నాయి. బాలు ఇంకా లేవలేదు, పాపం అలసిపోయాడు. కొట్టంలో ఉన్న పంపుతో నేనే కొట్టాను, టైరు మీది అంకె ప్రకారం. చేతులు నొప్పి పుట్టి బాలు సైకిలు వదిలేశాను.”

పక్కన టిక్కు కూడా పెట్టుకున్నాను.

పాల డబ్బా మీది తేదీ, మందు సీసా మీది చెంచా కొలత, కుక్కరు మీది గీత, ఇవన్నీ చూసి ఇల్లు నడిపినదాన్ని. అచ్చయిన అంకె తప్పు చెప్పదనుకున్నాను. అది తప్పు చెప్పలేదు కూడా. అది దేని అంకో నేను అడగలేదు. నీ పనిలో వేలు పెట్టి, పెట్టానని ఎవరికీ చెప్పలేదు. అంట్లు కడిగితే చెప్పనట్టే, అదీ చెప్పలేదు. ఆ తర్వాత అయిదు రోజులు పుస్తకం ముట్టుకోలేదు, ఆపైన మరిచేపోయాను. నా చేత్తో రాసుకుని, నిన్ను అడిగాను.

ఆ రోజు నువ్వు బొటనవేలితో నొక్కగానే గాలి ఎక్కువైందని నీకు తెలిసింది. ఆ ఇంట్లో ఉన్నది నలుగురం. నువ్వు కొట్టలేదు, ఆయన కొట్టరు, అమృతకు పంపు పట్టుకోవడమే రాదు. ఎవరినీ అడగకుండా, మెత్తగా ఉందని బిగించేసే చెయ్యి ఎవరిదో నీకు తెలుసు. తెలిసే “నేనే అక్కా” అన్నావు. నేనన్న మాటను తిప్పి నా మీద వేయడానికి నీకు ఒక్క వాక్యం చాలు. రెండేళ్ళూ ఆ వాక్యం నీ దగ్గరే ఉంచుకున్నావు.

ఇది అమృతకు పైకి చదివి వినిపించు. ఆవిడ ముందు నేనన్న మాట ఆవిడ ముందే తీసేయాలి.

ఆదర్శ్‌కు ఇందాకే చెప్పాను. వాడు లోపలికి వెళ్ళి వాళ్ళ నాన్న హెల్మెట్ తెచ్చాడు. తడిగుడ్డతో తుడిచి హ్యాండిలుకు తగిలించాడు. “బాలు మామయ్య తలకు సరిపోతుందిలే అమ్మా” అన్నాడు.

చక్రాల్లో రెండు బార్లే ఉన్నాయి. నీ లెక్క ప్రకారమే కొట్టించాను. నేను ముట్టుకోలేదు.

నెలాఖరు దాకా ఆగకుండా పుస్తకంలో ఆ వరస ఇవాళే కొట్టేశాను. దాని కింద ఇలా రాశాను: బాలు దగ్గర నుంచి రావలసిన జవాబు 2023 సెప్టెంబరులోనే ముట్టింది. బాకీ చెల్లు.