ముసలి ఎలుకలు, పొగాకు దుమ్ము

మంగళవారం, కోరుట్ల

పొద్దున మందు పోద్దామని, నేను పెంచుకుంటున్న రెండు ముసలి ఎలుకల్లో ఒకదాన్ని మెడ దగ్గర పట్టుకుంటే నా బొటనవేలు కొరికింది. కోపంతో దాని ముక్కు మీద వేలితో కొట్టాను. ఊపిరాడక గురగురమంటున్నదాన్ని కొట్టాను. అది నోరు తెరవగానే సిరంజితో రెండు చుక్కలు లోపలికి తోసేశాను. రెండోదానికి వెనక కాళ్లు పడిపోయాయి. అమ్మ ఒడిలో పెట్టుకుంటే దానికి సులువుగానే పోశాను.

జగిత్యాలలో పశువుల డాక్టర్ నిన్న చెప్పిన మాట అప్పుడే అమ్మ ముందు తీశాను. పొగాకు దుమ్మున్న గదిలో ఉంటే ఎన్ని మందులు పోసినా ఈ తెల్ల ఎలుకలు బతకవట. మాకున్నది ఒకటే గది.

"బీడీలు బయట చేస్కోరాదే," అన్నాను.

అమ్మ మళ్లీ చాట ముందు కూర్చుని, ఆకు కత్తిరిస్తూ నవ్వింది. "ఇరువై ఏండ్ల సంది గదే దుమ్ము పీలుస్తున్న. నా దగ్గుకు ఏ దవాఖానకు తోల్కపోయినవ్ రా?"

"ఎలుకలు మూడేండ్లే బతుకుతయే. నువ్వు శాన బతికినవ్ గదా."

అప్పుడు అది సరైన జవాబే అనిపించింది నాకు.

అమ్మ చాట తీసుకుని వాకిట్లోకి పోయి, పొద్దు గుంకేదాకా ఎండలోనే బీడీలు చుట్టింది. సాయంత్రానికి ఎలుక గురక కొంచెం తగ్గింది. ఆ సంగతి చెబుదామని గడప దాకా పోయాను. అమ్మ దగ్గుతూ కట్టలు కడుతోంది. దగ్గు ఆగాక చెబుదామని నిలబడ్డాను. ఆగలేదు.

రేపు వాకిట్లో ఎండకు ఒక తడక కట్టాలి. లోపలికి వచ్చి కూర్చోమని మాత్రం అమ్మతో నేను ఇంకా అనలేదు.