రూతు పత్రికకు మిరప ఘాటు

2006 మార్చి, శుక్రవారం

ప్రభువుకు స్తోత్రం. నా బిడ్డ రూతు నడిపిన కథల పత్రికను ఇవాళ ఖమ్మం బస్టాండులో ఒకామె చదువుతుంటే కళ్లారా చూశాను. మూడు సంచికలకే ఆగిపోయిన పత్రిక అది. ఆగినప్పటి నుంచి బిడ్డ కలం పట్టలేదు.

పేజీ తిప్పగానే ఆమె తుమ్మింది. అప్పట్లో పత్రిక కట్టలన్నీ నేనే ఖాళీ మిరప బస్తాల్లో వేసి మా ఊరు పినపాకలో బస్సెక్కించేవాణ్ణి. ఆ ఘాటు ఇంకా పోలేదు.

"అమ్మా, అది మా బిడ్డ పత్రికే" అన్నాను.

"అవ్నా పెద్దాయనా? ప్రతిసారి తుమ్ముకుంటనే చదివిన. మళ్ల ఎప్పుడొస్తది?" అని బస్సెక్కింది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే రూతు బియ్యం ఏరుతూ, "ఎవలూ చదువుతలేరనే ఆపిన కద నాయినా, గిప్పుడెందుకు ఆ ముచ్చట" అన్నది. నా ప్రాణం ఉసూరుమంది. కాసేపటికి తనే, తల ఎత్తకుండా అడిగింది.

"ఆమెకు ఏ కథ నచ్చిందంట?"

ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ బస్టాండులో ఆమెను చూసిన సంతోషంలో అది అడగడమే మరిచి వచ్చాను. రేపు మొదటి బస్సుకే ఖమ్మం పోతాను. ఆమె మళ్లీ ఆ బస్టాండుకు వస్తుందో, రాదో...