ముగ్గురు ఉచిత కాపలాదారులు

బావమరిదికి,

ఆశీస్సులు తర్వాత. ముందు ఫిర్యాదు.

మా ముందుగదిలో ఈ కంప్యూటర్ బిగించి వెళ్తూ గుమ్మంలో నిలబడి ఏమన్నావు? "దీనికి ఏ చిన్న తేడా వచ్చినా కబురు చెయ్యండి బావగారూ, రెక్కలు కట్టుకుని వాలిపోతా" అన్నావు. పదేళ్లయింది. రెక్కలు ఇంకా మొలిచినట్టు లేవు. ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి నువ్వు అందుబాటులో లేవని చెబుతోంది. ఆ సంగతి నాకు పదేళ్లుగా తెలుసు. అందుకే ఉత్తరం.

మీ అక్క గొంతు ఈ పెట్టెలో ఉంది. నా చూపు ఎక్కువకాలం ఉండదని కళ్ళ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి, నాకిష్టమైన పుస్తకాలన్నీ చదివి ఇందులో రికార్డు చేసి పెట్టింది. "మీ కళ్ళు పోయాక వినండి, అంతవరకూ ముట్టుకోకండి" అంది. కళ్ళు ఉన్నాయి, తనే పోయింది. నేనింకా ముట్టుకోలేదు. ఇప్పుడు ఎదురింటి లెక్కల మాస్టారు, వాళ్ళ కంప్యూటర్లో వైరస్ దూరి ఫోటోలన్నీ మింగేసిందని చెప్పి నా నిద్ర చెడగొట్టాడు. ఊరికే దొరికే యాంటీవైరస్‌లలో మంచిదేదో చెప్పు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ తాగే రకాన్ని కాను. నా పింఛనే అంత.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క. జవాబులో ఒత్తులు చూసుకో. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. నీ కిందటి ఉత్తరం దిద్ది దాచాను.

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. నేను తిరిగి ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. అందుకే నేనూ ఉత్తరమే.

దుకాణంలో ఊపిరాడటం లేదు, వీలు చూసుకుని వస్తాను. కంప్యూటర్‌తోపాటు వచ్చిన కాపలా ఒకటి లోపలే ఉంది. అది చాలు. నమ్మకం కుదరకపోతే పేరున్నది ఏదో ఒకటి, తయారుచేసినవాళ్ళ సైటు నుంచే తెచ్చుకుని వేసుకోండి. ఒక్కటే! మధ్యమధ్య డబ్బు కట్టమని బెదిరిస్తుంది, పట్టించుకోకండి. అక్క చదివినవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. దాన్ని మించిన జాగ్రత్త లేదు.

మీ
బావమరిది

తా.క. కిందటి ఉత్తరం నా పెళ్ళికి ముందు రాసింది. అది ఇంకా ఉందా?

* * *

కంప్యూటర్ పండితుడికి,

ఉంది. పదకొండు తప్పులతో సహా.

ఒక్కటే అన్నావు. చరిత్ర చదివినవాడెవడూ ఆ మాట అనడు. ఒక్క సేనాపతిని నమ్ముకున్న రాజు ముసలితనం చూసినట్టు నేనెక్కడా చదవలేదు. కాబట్టి మూడు వేశాను. కోట బొమ్మది, కుక్క బొమ్మది, కత్తి బొమ్మది. మూడూ తామే ప్రపంచంలో మొదటివని రాసుకున్నాయి, మా ప్రెస్సుకొచ్చే కవుల్లాగా.

కవుల్లాగే కొట్టుకున్నాయి కూడా. కోటని కుక్క దొంగ అంది. కత్తిని కోట కట్టేసింది. తెర మీద బాణం కదలదు. మధ్యలో "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని ఎర్ర డబ్బా ఒకటి. నా వయసువాడికి అదొక వార్తా? చివరికి కుక్క, "అనుమానంగా ఉన్నవి తీసెయ్యమంటారా?" అని అడిగింది. ఈ ఇంట్లో నన్నెవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది. సరే అనేశాను. వెంటనే తెర నల్లబడింది.

మీ అక్కని తీసెయ్యమన్నానా నేను? అదొక్కటి చెప్పు. పెట్టెని, గుచ్చిన తీగలు గుచ్చినట్టే ఉంచి, బస్సులో పార్శిల్ వేశాను.

ఇట్లు,
నీ మాట విననివాడు

తా.క. పెన్‌డ్రైవ్ కొట్టుకి వెళ్ళాను. గోరంత ఉంది. మీ అక్కని అందులో పెట్టడానికి మనసొప్పలేదు.

మళ్ళీ తా.క. డ్రైవరుతో "తలకిందులు చెయ్యకు నాయనా, లోపల మా ఆవిడ ఉంది" అన్నాను. పెట్టె దించేశాడు. రెండో బస్సువాడికి ఏమీ చెప్పలేదు.

* * *

బావగారికి,

పెట్టె చేరింది. ముగ్గుర్నీ విడదీశాను. కుక్క తీసేసింది కత్తిని మాత్రమే. వైరస్ లేదు. అక్క ఫోల్డర్ని ఎవరూ ముట్టుకోలేదు, అన్నీ ఉన్నాయి. దుకాణం మూసి ఒక్కొక్కటే విన్నాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. వాటిలో గొంతు లేదు బావగారూ. మైకు తీగ ఉండాల్సిన కన్నంలో కాకుండా పక్క కన్నంలో ఉంది. అక్క చదువుతూ పోయింది, యంత్రం నిశ్శబ్దాన్ని దాచుకుంటూ పోయింది.

పెట్టె బిగించింది నేనే. తీగ తప్పు పెట్టిందీ నేనే. నన్ను తిట్టండి. మీకు అలవాటే.

మీ
బావమరిది

తా.క. ఎక్కడైనా ఒక్క దగ్గయినా దొరుకుతుందేమోనని ఆఖరి ఫైలు దాకా వెతికాను. నా దగ్గరా అక్క గొంతు లేదు.

* * *

చిరంజీవి బావమరిదికి,

నీకు అబద్ధం రాయడమూ చేతకాదు. పెట్టె బిగించింది నువ్వే. మైకు మాత్రం మీ అక్క చాలా ఏళ్ళ తర్వాత తనే కొనుక్కొచ్చింది. వెనక్కి వంగి తీగ గుచ్చింది తను, టార్చి పట్టుకుంది నేను. "తమ్ముణ్ణి అడుగుదామా?" అంటే, "వాడికి అక్కని, ఆమాత్రం రాదా?" అంది. కాబట్టి నీ తప్పు లేదు. ఆ మాట రాయడానికి ఈ చెయ్యి ఎంత ఇబ్బంది పడిందో నీకు తెలియదు.

ఆ ఫైళ్ళు చెరపకు. గొంతు లేకపోయినా అవి తను కూర్చున్న గంటలు.

రోజూ మధ్యాహ్నం వీధి చప్పుడు పడకుండా తలుపేసుకుని చదివేది. వరండాలో కూర్చున్న నాకు గొణుగుడు మాత్రం వినపడేది. నవ్వొచ్చే చోట ఒక్కతే నవ్వుకునేది. ఓ రోజు తలుపు తట్టి, "నేనూ పక్కన కూర్చుంటానే" అన్నాను. "ఇప్పుడే వినేస్తే తర్వాతకి ఏం మిగులుతుంది? వెళ్ళండి" అంది. అంత చదువూ చెవుల్లేని పెట్టెకి చదివింది. చెవులున్నవాణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టింది.

ఇట్లు,
బావ

తా.క. కళ్ళ డాక్టర్నీ, లెక్కల మాస్టార్నీ, మూడు బొమ్మల్నీ, నిన్నూ వదిలేశాను. తప్పు పట్టడానికి నాకింక ఒక్కరే మిగిలారు. మీ అక్క.